గడ్డాలవాళ్ళ హిట్ పాటలు

స్పేర్ పార్టుల గది, లిఫ్టుల కంపెనీ
మార్చి మొదటి వారం

అక్కకి,

క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. క్షేమం కాదని రాస్తే నువ్వు ఉన్నపళంగా బస్సెక్కి వచ్చేస్తావు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. ఆపరేషన్ గాయం మానింది. చెవి వెనక మిషను పెట్టుకుంటున్నాను. ఎదుటి మనిషి నా వైపు తిరిగి నెమ్మదిగా మాట్లాడితే చాలావరకు అర్థమవుతోంది. చిక్కల్లా ఏమిటంటే, ఎవరు మాట్లాడినా ఒకే గొంతు. నీ మరదలు, వినికిడి పాఠాలు చెప్పే మేడమ్, మా మేనేజరు, టీవీలో వార్తలు చదివేవాడు, అందరూ ఒకే రేకు డబ్బాలో కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మొన్న వంటింట్లోంచి ఎవరో పిలిస్తే మేనేజరు ఇంటికొచ్చాడేమోనని చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాను. నీ మరదలు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నవ్విందిలే, కానీ గరిటె గిన్నెలో పడేసి బయటికి వెళ్ళిపోయింది.

ఫోన్లో అసలేమీ తేలదు, అందుకే ఈ ఉత్తరాలు. టైపు చేయమంటావు. స్క్రూలు బిగించి బిగించి మొద్దుబారిన ఈ బొటనవేలు ఆ బుల్లి అక్షరాల మీద పెడితే పక్కవాటినీ కలుపుకుని నొక్కేస్తుంది.

ఇప్పుడు పాటలతో సాధన మొదలుపెట్టాలంటోంది మేడమ్. కొత్త పాటలు పనికిరావు. నిద్రలో లేపి అడిగినా తర్వాత ఏం వస్తుందో చెప్పగలిగే పాటలు కావాలి. రోజూ అవే, అదే వరసలో. మెదడుకి పాత పాట గుర్తుంటుంది కాబట్టి ఈ కొత్త చప్పుడును దానికి జతచేసుకుంటుందట. పాటగాడి గొంతు పట్టుకోవడం వస్తే మెల్లగా మనుషుల గొంతులూ విడివడతాయట. ఇదంతా ఈ మొదటి నెలల్లోనే జరగాలి. ఆలస్యమైతే మెదడు ఉన్నదానితో సర్దుకుపోయి ఇక కదలదట.

అలాంటి పాటలు నాకు ఎవరివో నీకు చెప్పక్కర్లేదు. గడ్డాలవాళ్ళవే. డిస్కు అట్ట మీద ఆ బృందంలోని నలుగురినీ చూసి ఆ పేరు పెట్టింది నువ్వే కదా. చెవి పోయినప్పుడు కోపంకొద్దీ నా డిస్కులన్నీ పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. ఇప్పుడు ఒక్కటి చాలు. హిట్ పాటలన్నీ ఒకచోట వేసిన సంకలనం ఏదైనా చూసి పంపు. నేనే షాపుకి వెళ్ళొచ్చు, కానీ వినకుండా ఏమని ఎంచుకోను? నీకు చెవులున్నాయి. పైగా ఇష్టమున్నా లేకపోయినా ఆ పాటలు నాతోపాటు ఏళ్ళ తరబడి గోడ అవతల నుంచి విన్నావు.

నీ తమ్ముడు


కళ్ళద్దాల షాపు, మధ్యాహ్నం భోజనాల వేళ
మార్చి మూడో వారం

తమ్ముడూ,

ఒక సంకలనం చూసి పంపమని ఎంత తేలిగ్గా రాశావు. వెళ్ళాను మహానుభావా, డిస్కుల షాపుకి వెళ్ళాను. ఒకటి కాదు, ఒక అరంతా గడ్డాలే. "హిట్లు" అని ఒకటి. "పెద్ద హిట్లు" అని ఇంకొకటి. "అసలైన హిట్లు" అని మూడోది, అంటే మొదటి రెండూ నకిలీవా అని అడిగితే షాపాయన భుజాలెగరేశాడు. "సంపూర్ణ హిట్లు" అని చూసి హమ్మయ్య అనుకుంటే, దాని పక్కనే "సంపూర్ణ హిట్లు, రెండో భాగం" ఉంది. సంపూర్ణం అయ్యాక రెండో భాగం ఏమిటో ఆ గడ్డాలకే తెలియాలి.

సరే, అట్టలు తిప్పి వరసలు చూశాను. ఒకదాంట్లో మన వానపాట ఉంది, రైలుపాట లేదు. ఇంకోదాంట్లో రెండూ ఉన్నాయి గానీ వానపాట సగానికి కోసేశారట, రేడియోవాళ్ళ కోసం. మరోదాంట్లో అన్నీ ఉన్నాయి, కానీ స్టేడియంలో జనం మధ్య పాడినవి, మధ్యలో అరుపులు. నీకు అరుపులు వద్దు కదా? లేక కావాలా?

నా పని సంగతి నీకు తెలుసు. పొద్దస్తమానం మనుషుల కళ్ళ ముందు రెండు అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతుంటాను. వాళ్ళు తికమకపడి, ఇందాకటిది మళ్ళీ పెట్టండి అంటారు. నేను లోపల విసుక్కుంటాను. ఇవాళ ఆ షాపాయన నా గురించి లోపల ఏమనుకున్నాడో నాకు బాగా తెలుసు.

ఈ ప్రశ్నలకి జవాబు రాయి. వానపాటలో గిటారు పొడుగ్గా వాయించేది కావాలా, పొట్టిదా? రైలుపాట ఈలతో మొదలవుతుందా, డ్రమ్ముతోనా? చప్పట్ల పాట ఒకటేనా, రెండున్నాయా? నాకు రెండున్నట్టు గుర్తు. మీ బావ ఈ కాలంలో డిస్కు కొనేవాళ్ళుంటారా, ఫోన్లో అన్నీ ఉంటాయి కదా అన్నారు. ఫోన్లో వెతికితే ఒక్క వానపాటే పేజీ నిండా వచ్చింది, మధ్యమధ్య సబ్బుల ప్రకటనలతో. ఆయనే ఫోన్ పక్కన పెట్టేశారు.

అక్క


స్పేర్ పార్టుల గది
మార్చి ఆఖరు

అక్కా,

వానపాట పొడుగుదే. పొట్టిది పాటే కాదు.

చప్పట్ల పాట ఒకటే. నీకు గుర్తున్న రెండోది వేరే బృందానిది, వాళ్ళకి గడ్డాలు లేవు.

రైలుపాట ఈలతోనే మొదలవుతుంది. ఇలా రాశాక అనుమానం వచ్చింది. ఇవాళ పని మానేసి ఆ పాటని తలలో మొదటి నుంచి నడిపించి చూశాను. ఒకసారి ఈలతో వచ్చింది, ఒకసారి డ్రమ్ముతో. భయమేసింది. చెవి పోయిందని సరిపెట్టుకున్నాను గానీ లోపల ఉన్న పాటలు కూడా చెదిరిపోతే ఇక మేడమ్ చెప్పిన సాధన దేనితో చేయను? ఇక్కడ నా పనేమిటో తెలుసుగా, బేరింగులకి చీటీలు అంటించడం. ఇన్నాళ్ళూ లిఫ్టు గోతిలో నిలబడి తాడు చప్పుడు విని ఏ పుల్లీ అరిగిందో చెప్పినవాణ్ణి. ఇప్పుడు చీటీ చూస్తే గానీ ఏది ఏదో తెలియని గదిలో కూర్చున్నాను.

నన్ను అడగకు. ఎంత అడిగితే అంత తప్పుతున్నాను. నువ్వే విని ఎంచు. నీకేది మన ఇంట్లో మోగినట్టు అనిపిస్తే అదే.

తమ్ముడు


మా ఇల్లు, వంటింటి బల్ల
ఏప్రిల్ రెండో వారం

తమ్ముడూ,

పార్సెల్లో ఉన్నదే నా తీర్పు. ఇక అప్పీళ్ళు లేవు. వానపాట పొడుగ్గా ఉంది, రైలుపాట ఉంది, చప్పట్ల పాట ఉంది, నువ్వు స్నానాల గదిలో పాడి ఇల్లంతా అల్లరిపాలు చేసిన ఆ నెమ్మది పాట కూడా ఉంది. జనం అరుపులు లేవు. అట్ట మీద ఫోటో అచ్చం మన డిస్కు మీదిదే, నలుగురూ కుర్రగడ్డాలతో, ఒకడు గోడకి ఆనుకుని. దాన్ని చూడగానే మిగతావన్నీ అరలో పెట్టేశాను. షాపాయన పని కుర్రాళ్ళకి అప్పజెప్పి ఎటో వెళ్ళాడు, సలహా అడిగే అవసరం కూడా పడలేదు.

చప్పుడు కూడా శుభ్రంగా ఉంది. మన పాతదానిలా గీతల కరకరలు లేవు. నీ మిషనుకి ఇదే నయమని నా బుద్ధికి తోచింది.

రోజూ విను. మేడమ్ చెప్పినట్టు అదే వరసలో. నువ్వు మీ ఆవిడ గొంతు గుర్తుపట్టావని ఉత్తరం రాసిన రోజు షాపుకి సెలవు పెట్టి పడుకుంటాను.

అక్క


ఇల్లు
ఏప్రిల్ ఆఖరు

అక్కా,

డిస్కు అందింది. బాగుంది. రోజూ వింటున్నాను. పని ఎక్కువగా ఉంది, మళ్ళీ రాస్తాను.

తమ్ముడు

వదినా, ఈ ఉత్తరం పోస్టు చేయమని నా చేతికిచ్చారు. అంటించే ముందు ఈ నాలుగు మాటలు కలుపుతున్నాను. బాగుందని రాసినట్టున్నారు. బాగాలేదు. మొదటి వారం పొద్దునా సాయంత్రం విన్నారు. ఆ తర్వాత ఒకరోజు మధ్యలో ఆపేసి మిషను తీసి సొరుగులో పెట్టారు. మళ్ళీ బయటికి తీయలేదు. నేను కాగితం మీద రాసి అడిగితే, తల నొప్పి అని కాగితం మీద రాసి ఇస్తారు. మాట కూడా మానేశారు. నాకేం చేయాలో తోచడం లేదు. మీరు చెబితే వింటారేమో.

మీ మరదలు


కళ్ళద్దాల షాపు
మే మొదట్లో

తమ్ముడూ,

మీ ఆవిడ మీద కోప్పడ్డావంటే ఊరుకోను.

నా దగ్గరికి ఒక రకం మనుషులు వస్తారు. చార్టులో అక్షరం కనపడదు, కనపడలేదని చెప్పడానికి సిగ్గు. అందుకని ఊహించి చదివేస్తారు. బాగా కనిపిస్తోందండీ అంటారు. వాళ్ళు చెప్పిందానికి అద్దం కోస్తే మెట్ల మీద పడతారు. నువ్వు నాకు రాసిన ఉత్తరం అలాంటిది. నా తమ్ముడు నాతో మర్యాదగా అబద్ధం ఆడే రోజు వస్తుందనుకోలేదు. బాగా నొచ్చుకున్నాను.

ఇప్పుడు ఊహించకుండా చెప్పు. ఏ పాటలో ఏం వినపడుతోంది, ఏం వినపడాల్సింది. కోపంగా రాసినా సరే.

అక్క


ఇల్లు
మే రెండో వారం

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. చదివి జాలిపడకు.

మొదట రేకు చప్పుడే. అది ఉంటుందని మేడమ్ ముందే చెప్పింది, దానికి సిద్ధపడ్డాను. వారం తిరిగేసరికి తాళం అందింది. డ్రమ్ము ఎక్కడ పడుతోందో తెలిసింది. ఆనందంతో నీ మరదల్ని పిలిచి బల్ల మీద తాళం వేసి చూపించాను. అసలు కష్టం అక్కడే మొదలైంది. ఆ తాళం తప్పు.

వానపాట నడక నెమ్మదించింది. మెట్లెక్కడానికి ఆయాసపడే మనిషి నడకలా ఉంది. చప్పట్ల పాటలో చప్పట్లకి ముందు అందరూ ఒక్క క్షణం ఆగుతారు కదా, మనం ఊపిరి బిగబట్టేవాళ్ళం, ఆ ఆగడం లేదు. గబుక్కున చప్పట్లు వచ్చి పడతాయి. రైలుపాట చివర మెల్లమెల్లగా దూరమైపోవాలి. నాకు ధడాలున ఆగిపోతోంది. నెమ్మది పాటలో పాటగాడు రెండో చరణానికి ముందు ఒక నిట్టూర్పు విడుస్తాడు, అది ఎక్కడా దొరకలేదు. ఇక గొంతు సంగతంటావా, అది వాడి గొంతు కాదు. నాకు ఎవరి గొంతూ వాళ్ళది కాదులే, దాన్ని వదిలెయ్.

పాటలో ఒకే చోటుని మళ్ళీ మళ్ళీ విన్నాను. ప్రతిసారీ అదే తప్పు. చప్పుడు చెడిందంటే మిషను అనుకోవచ్చు. పాటలో లేని నెమ్మది వినపడి, పాటలో ఉన్న ఆగడం వినపడకపోతే, అది మిషను కాదు, నా తల. అక్కా, ఆ డిస్కు దీనితోపాటే పంపుతున్నాను, ఒక్కసారి విను. చప్పట్లకి ముందు ఆగారో లేదో ఒక్కటి చెప్పు.

తమ్ముడు


మా ఇల్లు
మే ఆఖరు

తమ్ముడూ,

డిస్కు అందింది, విన్నాను. వంట చేస్తూ ఒకసారి, బట్టలు మడతపెడుతూ ఒకసారి. మీ బావ కూడా విని తల ఊపారు. అన్నీ మన పాటలే. ఒక్కటి కూడా మారలేదు. చప్పట్ల పాట రాగానే నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆగడం అంటావా, ఉన్నట్టే ఉంది. ఎప్పుడూ అలాగే ఉండేది కదా.

డిస్కులో ఏ తప్పూ లేదు, కంగారుపడకు. నీ చెవికి ఇంకా అలవాటు కాలేదు, అంతే. డిస్కు తిరిగి పంపుతాను, మొండిగా ఇంకొన్నాళ్ళు విను. ఏదో ఒకరోజు అదే సర్దుకుంటుంది.

అక్క


స్పేర్ పార్టుల గది
జూన్ మొదటి వారం

అక్కా,

డిస్కులో తప్పులేదని నిక్కచ్చిగా చెప్పావు. మంచిదే. డిస్కూ నేనూ, ఇద్దరిలో ఒకరు తప్పు కావాలి కదా, అది నేనని తేలింది.

ఆపరేషన్ ఫలించిందని, మిషను బాగానే పనిచేస్తోందని డాక్టర్లు అంటున్నారు. దాన్ని వాడుకునే తల నాకు లేదు. ఇన్ని మాటలెందుకు, మేడమ్ దగ్గరికి వెళ్ళడం ఎప్పుడో మానేశాను, వచ్చే వారం ఒకసారి వెళ్తాను. ఇక రానని చెప్పేస్తాను. మేనేజరుతో కూడా మాట్లాడాను, అంటే కాగితం మీద రాసిచ్చాను, నన్ను ఈ గదిలోనే ఉంచెయ్యమని. ఆయన నా భుజం తట్టాడు. గోతిలోకి మళ్ళీ దిగుతానని ఆయన కూడా అనుకోలేదని అప్పుడు అర్థమైంది.

నీ మరదలి గొంతు ఎలా ఉండేదో నాకు ఇంకా గుర్తుంది. రైలుపాట కూడా మొన్నటిదాకా గుర్తుందనుకున్నాను. తప్పు చప్పుడు పదేపదే వింటే లోపలున్న ఆ గొంతు కూడా పోతుందేమోనని నాకు భయం. దానికంటే నిశ్శబ్దం నయం. ఆ డిస్కూ పంపకు, ఇంకేమీ పంపకు.

తమ్ముడు


డిస్కుల షాపు, గల్లాపెట్టె పక్క స్టూలు
అదే జూన్, నీ ఉత్తరం అందిన రోజు

తమ్ముడూ,

మేడమ్‌తో ఏమీ అనకు. ముందు ఇది చదువు. మోకాలి మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

ఇంకేమీ పంపవద్దన్నావని ఆ డిస్కు తిరిగిచ్చేద్దామని వచ్చాను. షాపాయన ఈసారి ఉన్నాడు. ఏం నచ్చలేదమ్మా అని అడిగాడు. నాకు ఏడుపొచ్చి, ఏం చెప్పాలో తెలియక, నీ మే నెల ఉత్తరం సంచీలో ఉంటే తీసి చదివి వినిపించాను. వానపాట నెమ్మదించింది, చప్పట్లకి ముందు ఆగడం లేదు, రైలు ధడాలున ఆగిపోయింది, నిట్టూర్పు లేదు. ఆయన వింటూ వింటూ కుర్చీలోంచి లేచాడు. ఉత్తరం రాసినాయన సంగీతం మేష్టారా అని అడిగాడు. కాదండీ, చెవిటివాడు అన్నాను. క్షమించు, నోట్లోంచి అలాగే వచ్చింది.

ఆయన డిస్కు వెనక్కి తిప్పి అడుగున వేలు పెట్టాడు. చీమ తలకాయంత అక్షరాలు. ఈ పాటలన్నీ కొత్తగా రికార్డు చేసినవి అని ఉంది. బృందం ముసలితనంలో, పాత రికార్డింగుల హక్కులున్న కంపెనీతో గొడవపడి, తమ హిట్ పాటలన్నీ మళ్ళీ మొదటి నుంచి వాయించి అమ్ముకుందట. ఫోటో మాత్రం కుర్రతనంలోది. పాత పాటగాడు వాళ్ళతో విడిపోయి వెళ్ళిపోయాడు. ఇందులో పాడింది వాడిలా పాడతాడని వెతికి తెచ్చుకున్న మరో మనిషి.

అది వాడి గొంతు కాదని రాశావు చూడు. అది వాడి గొంతు కాదు.

ఊరికే నమ్మలేదు. షాపాయన పాత రికార్డింగు పెట్టాడు, దాని తర్వాత నేను పంపింది పెట్టాడు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఒక్కొక్క వాక్యం సరిచూశాను. చప్పట్లకి ముందు అందరూ ఆగారు. కొత్తదాంట్లో ఆగలేదు. నిట్టూర్పు కూడా పాతదాంట్లో నువ్వు చెప్పిన చోటే ఉంది. నువ్వు రాసిన దాంట్లో ఒక్క తప్పు లేదు. తప్పు నాది. లోకానికంతా చిన్న అక్షరాలు చదివించేదాన్ని, అట్ట వెనక చిన్న అక్షరాలు చదవలేదు. పైగా రెండుసార్లు విని అన్నీ మన పాటలే అని రాశాను. అవి మన పాటలే కావాలని ఎంత అనుకున్నానంటే, నాకు అలాగే వినిపించాయి.

నీ మనసు కుదుటపరచడానికి కథ అల్లానని అనుకుంటావు, నిన్ను ఎరుగుదును. అందుకే రెండు డిస్కులూ పంపుతున్నాను. నా మాట నమ్మకు. మిషను సొరుగులోంచి తీసి విను.

అక్క


ఇల్లు
జూన్ ఆఖరు

అక్కా,

కథే అనుకున్నాను. భూతద్దం పెట్టి ఆ అక్షరాలు చదివాక కూడా, ఇలాంటివి అన్ని డిస్కుల మీదా రాస్తారేమో అనుకున్నాను. నీ మరదలు మిషను తెచ్చి బల్ల మీద పెట్టి పక్కనే కూర్చుంది. 

నాకు చూపించకుండా ఏదో ఒకటి పెట్టమన్నాను. పెట్టింది. రేకు చప్పుడే, దాంట్లో మార్పేమీ లేదు, ముందే చెబుతున్నాను. కానీ చప్పట్ల పాట వచ్చింది, అందరూ ఆగారు. నేనూ ఆగాను. చప్పట్లు నేను కొట్టిన క్షణంలోనే పడ్డాయి. మళ్ళీ పెట్టమన్నాను. డిస్కు మార్చి పెట్టింది, అది కాదు ఇందాకటిది అన్నాను. మళ్ళీ మార్చింది. ఇలా ఎంతసేపు ఆడుకున్నామో తెలియదు, ఒక్కసారి కూడా పొరబడలేదు. రైలుపాట డ్రమ్ముతోనే మొదలవుతుంది, ఈల దాని వెనకే వస్తుంది. రెండూ ఉన్నాయి. నా తల రెండింటినీ చూపించింది, నేనే వరస తప్పాను.

ఇప్పుడు కూడా నాకు అంతా అయోమయంగానే ఉంది. తప్పు విన్నానని ఏడ్చిన రోజుల్లో సరిగ్గా విన్నానట. ఇక ఏ రోజున దేన్ని నమ్మను? మేడమ్‌ని అడిగితే, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని తిట్టింది. తిట్టేటప్పుడు ఆవిడ గొంతు కాస్త గరుకుగా ఉంటుందని కొత్తగా తెలిసింది. లేక ఆవిడకి జలుబేమో.

ఆదివారం సాయంత్రం నీకు ఫోన్ చేస్తాను. మేడమ్ వైరు ఒకటి ఇచ్చింది, ఫోన్ నుంచి నేరుగా మిషనుకి. నీ గొంతు విని ఎన్నేళ్ళయిందో. తెలుస్తుందో తెలియదో. నువ్వు మామూలుగా మాట్లాడు, అరవకు. అర్థం కాకపోతే పెట్టేస్తాను, ఏమీ అనుకోవద్దు.

తమ్ముడు


మా ఇల్లు, వంటింటి బల్ల
ఆదివారం, నువ్వు ఫోన్ పెట్టేసిన వెంటనే

తమ్ముడూ,

మిషను ఆగిపోలేదు. వైరు కూడా ఊడలేదు. అక్కా అక్కా అని పిలిచి, ఏమీ వినపడటం లేదు, అవతల అంతా నిశ్శబ్దంగా ఉంది, మళ్ళీ చెడినట్టుంది అని పెట్టేశావు. దేన్నీ విప్పకు, ఎవరి దగ్గరికీ పరిగెత్తకు.

నువ్వు అక్కా అనగానే నాకు గొంతు పెగల్లేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నువ్వు ఉన్నది ఉన్నట్టే విన్నావు, అవతల నిజంగానే నిశ్శబ్దం.

ఈ ఉత్తరం అందగానే మళ్ళీ చెయ్యి, మాట్లాడతాను.

అక్క